మేకలకు లేని తాడు

నాలుగేళ్లు నిండేసరికి మా అమ్మాయి పాదాలకు తెలిసిన నేలలు మూడే: టైల్స్, కార్పెట్, ఆటస్థలంలో పరిచే రబ్బరు చాప. బౌషర్‌లో మా ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. అరబ్బు దేశంలో కాపురం. లిఫ్టు దిగితే పార్కింగ్, పార్కింగ్‌లో కారు, కారు దిగితే మాల్, లేకపోతే ఆస్పత్రి. మట్టి అనేది పక్కింటివాళ్ల తులసి కుండీలో మాత్రమే దొరుకుతుందని ఆ పిల్ల చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకాన్ని నేనూ చెడగొట్టలేదు. మట్టిలో ఏయే క్రిములుంటాయో నాకు పేర్లతో సహా తెలుసు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివాను. ఆ చదువు నాకు ఉద్యోగం ఇవ్వలేదు గానీ, నిద్ర చెడగొట్టే పని మాత్రం చాలా నిజాయితీగా చేస్తోంది.

ఇక మెట్ల సంగతి. ఏడాదిన్నర వయసులో మా బిల్డింగ్ మెట్ల మీద, నేను ఫోన్‌లో ఏదో చూస్తున్న ఒక్క క్షణంలో, పిల్ల మూడు మెట్లు దొర్లింది. గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి మెట్టు కనిపిస్తే చాలు, నా చేతులు నన్నడక్కుండానే పిల్లను ఎత్తేసుకునేవి. ఎస్కలేటర్ దగ్గరా అంతే, ఫుట్‌పాత్ అంచు దగ్గరా అంతే. పార్కులో జారుడుబల్ల ఉంటే నేను ఎత్తుకుని పైన కూర్చోబెట్టేదాన్ని, కింద ఎత్తుకుని దించేదాన్ని. మధ్యలో జారడం మాత్రం పిల్ల సొంతంగా చేసుకునేది. ఆ మాత్రం స్వేచ్ఛ ఇచ్చానని గర్వపడేదాన్ని కూడా.

బడివాళ్లు పిలిపించేదాకా ఇందులో తప్పేమీ కనిపించలేదు. క్లాస్ టీచర్ కేరళ ఆవిడ. కఠినమైన విషయాలను చాక్లెట్ కాగితంలో చుట్టి ఇవ్వగల మనిషి. కొత్త టర్మ్‌లో మా అమ్మాయి వెళ్లాల్సిన క్లాసు పై అంతస్తులో ఉందట. పద్దెనిమిది మెట్లు. అలవాటు కోసం ఇప్పటినుంచే రోజూ ఎక్కిస్తుంటే, పిల్ల వాటి దగ్గరకు వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి నిలబడుతోందట.

"నడక రాక కాదు మేడమ్. ఎవరో వచ్చి ఎత్తుకుంటారని చూస్తోంది. ఇరవైమంది పిల్లలు, నేనొక్కదాన్ని, ఆయా ఒక్కతి. టర్మ్ మొదలయ్యేలోపు తనంతట తాను ఎక్కకపోతే, ఈ ఏడాదికి కింద చిన్నపిల్లలతోనే ఉంచుదాం. ఏం పర్వాలేదు, కంగారు పడకండి" అంది.

కంగారు పడకండి అని నాతో చెప్పడం సముద్రాన్ని తడవకు అనడం లాంటిది. నా కూతురికి అక్షరాలు వచ్చు, అంకెలు వచ్చు, ఇంగ్లీషులో రంగులన్నీ వచ్చు. వీటిలో ఏదో ఒకటి రాక వెనకబడితే ఆ తప్పు బడిమీదో, ముత్తాత మీదో నెట్టవచ్చు. మెట్లు రాక వెనకబడితే ఎవరి మీద నెట్టాలి? ఇంట్లో ఉన్నది నేనే.

మా ఆయన సైట్ ఇంజనీరు. రోజంతా సగం కట్టిన గోడల అంచుల మీద, బిగించని పరంజాల మీద నడిచే మనిషి. విని, సాక్సులు విప్పుకుంటూ, "గంతేనా? కొండెక్కిద్దాం" అన్నాడు.

"మెట్టెక్కని పిల్లను కొండెక్కిస్తావా?"

"కొండ మీద మెట్లుండయి గదా. నీకు గా భయం లేదు."

ఇలాంటి తర్కంతో కట్టిన భవనాల్లో జనం ఎలా నిద్రపోతున్నారో నాకు అర్థం కాదు.

చలికాలం శుక్రవారాల్లో, అంటే ఇక్కడి సెలవు రోజుల్లో, కొండదారుల్లో నడిచే తెలుగువాళ్ల గుంపు ఒకటి ఉంది. దాన్ని నడిపేది మా ఆయన కంపెనీలోనే సేఫ్టీ ఆఫీసరుగా చేసే కడప మనిషి. అందరూ సేఫ్టీ భాయ్ అంటారు. గుంపులో చేరిన మొదటి రోజే నాకు ఆయన మీద గొప్ప గౌరవం కలిగింది. ఎందుకంటే నడక గురించి ఆయన పంపిన మెసేజీలో ప్రమాదాల జాబితా ఉంది: జారుడు రాళ్లు, ఎండదెబ్బ, తేళ్లు, ఆకస్మిక వరద, అరికాలి బొబ్బలు, భార్యాభర్తల గొడవలు. ఇన్నాళ్లకు నాలాగా ఆలోచించే మనిషి ఒకరు దొరికారు, పైగా దానికి జీతం కూడా తీసుకుంటున్నారు!

నా వంతు ఏర్పాట్లు నేనూ చేసుకున్నాను. పిల్లల వీపుకు తగిలించే కుందేలు బొమ్మ బ్యాగు ఒకటి దొరికింది. ఛాతీ చుట్టూ పట్టీలు, వెనక తోకలాగా ఒక తాడు, తాడు కొస తల్లి చేతిలో. ఆలోచన బాగానే ఉంది గానీ తోక మరీ సన్నంగా ఉంది. కాబట్టి పాత బజారుండే మత్రా వెళ్లి, సందులో ఉండే ఒక సామాన్ల దుకాణంలో నైలాన్ తాడు అడిగాను.

"ఎంత బరువు ఆపుతుంది?" అన్నాను.

"దేనికి కట్టాలి మేడమ్? పడవకా?" అన్నాడు ముసలి గుజరాతీ షావుకారు.

"పాపకు."

ఆయన నా పక్కన నిలబడ్డ పిల్లను చూశాడు, నన్ను చూశాడు, మూడు మీటర్లు కోసిచ్చాడు. అంత నిశ్శబ్దంగా వస్తువు అమ్మిన వ్యాపారిని మత్రాలో మళ్లీ చూడలేదు.

ఆ రోజుల్లో మా అత్తమ్మ విజిట్ వీసా మీద మా దగ్గరే ఉంది. జగిత్యాల దగ్గర ఊరు. నడకకు తానూ వస్తానంది. కొండెక్కడానికి కాదు, కొండెక్కేవాళ్లను చూడడానికి. సమాయిల్ ఊరు దాటాక ఖర్జూర తోటల పక్కన బస్సు ఆగింది. ఇక్కడ మేం దిగి, పాతకాలపు గాడిదల దారిలో కొండ దాటి అవతలి ఊళ్లోకి దిగాలి. బస్సు రోడ్డు మీదుగా చుట్టుతిరిగి అక్కడికే వస్తుంది. అత్తమ్మ బస్సులో వస్తుంది, టిఫిన్ డబ్బాలతో సహా.

నేను పిల్లకు కుందేలు బ్యాగు తొడిగి, తాడు రెండో కొస నా నడుముకు కట్టుకుంటుంటే అత్తమ్మ బస్సు మెట్టు మీదే ఆగిపోయింది.

"గిదేంది బిడ్డా, పొల్లకు పలుపుతాడు కట్టినవ్? దూడనా అది?"

"జారితే పట్టుకోవడానికి అత్తమ్మా."

"నేను నలుగురిని కన్న. ఎవ్వరికీ తాళ్లు కట్టలే."

"మీకు కొండలు లేవు కదా."

"బాయి ఉండె గదనే, ఇంటెన్కనే!"

మా ఆయన అటు తిరిగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆయనది లేసులు లేని బూటు.

ఇంతలో సేఫ్టీ భాయ్ ఈల ఊదాడు. సైట్‌లో డ్యూటీ ఎక్కేముందు కూలీలందరినీ నిలబెట్టి ఈ రోజు ఎలా చావకుండా ఉండాలో చెప్తారు. దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. సెలవు రోజు కూడా అది లేకపోతే ఆయనకు తోచదు. పదకొండు మందిమి వరసగా నిలబడ్డాం. బిర్యానీ మీద ఆశతో వచ్చిన ఇద్దరు బ్యాచిలర్లు చేతులు కట్టుకుని మరీ విన్నారు.

"నీళ్లు ఎవురి దగ్గర ఎంతుండాయో సెప్పండి. ఒకరి ఎనక ఒకరు నడవాల. సెల్ఫీ కోసం ఎనక్కి అడుగేసినోళ్ల పేరు నా రిపోర్టులో ఉండదు, ఆస్పత్రి రిపోర్టులో ఉంటాది. దారి కనుక్కునేది ఎట్లంటే, అదో, ఆ బండ సూడండి" అన్నాడు.

చూశాం. దారి తప్పకుండా ఉండేందుకు ఇక్కడి కొండల్లో రాళ్ల మీద రంగులు వేస్తారు: పసుపు, తెలుపు, ఎరుపు, ఒకదాని కింద ఒకటి మూడు పట్టీలు. ఎదురుగా మోకాలెత్తు నల్లటి రాయి, దాని మీద ఆ మూడు రంగులు.

అత్తమ్మ బస్సు దిగేసింది. చెప్పులు విడిచింది. "ఓయమ్మ, పసుపు, సున్నం, కుంకుమ. ఈ దేశంల గూడ పోచమ్మ ఉన్నదా!" అంటూ రాయి ముందు నిలబడి కళ్లు మూసుకుంది.

"అమ్మా, అది దారి గుర్తే. ఇక్కడి సర్కారోళ్లు ఏసిండ్రు" అన్నాడు మా ఆయన.

"ఎవలేస్తే ఏంది? బొట్టు వెట్టినంక దేవతనే" అని సంచిలోంచి అరటిపండు తీసి రాయి ముందు పెట్టింది. మనవరాలి చేతులు పట్టి జోడించింది. "మొక్కు బిడ్డా. తొవ్వపొంటి గిసుంటియి కనవడ్డ కాడల్లా ఆగి మొక్కు. తొవ్వ తప్పవు."

నేను సైన్సు చదివినదాన్ని కాబట్టి ఏదో అనబోయాను. ఈలోగా ఖర్జూర తోట వైపు నుంచి ఒక మేక తాపీగా వచ్చి, మా అందరి ముందు, ఆ అరటిపండును తొక్కతో సహా తినేసింది. "ముట్టింది" అంది అత్తమ్మ, తృప్తిగా. ఇక సైన్సు చెప్పడానికి ఏం మిగలలేదు.

మేక వెనకే దాని యజమాని వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. తెల్లటి పొడవాటి అంగీ, దిష్‌దాషా, మోకాళ్ల దాకా ఎగదోపుకున్నాడు, కాళ్లకు అరిగిపోయిన ప్లాస్టిక్ చెప్పులు. మా పదకొండు జతల ఖరీదైన బూట్లను, ఊతకర్రలను, టోపీలను వరసగా చూసుకుంటూ వచ్చి నా నడుము దగ్గర ఆగాడు. తాడు వెంట ఆయన చూపు మెల్లగా నడిచి పిల్లను చేరింది. ఇక్కడి పాత మనుషులకు వచ్చే హిందీలో, "మేరా బక్రీ కో భీ రస్సీ నహీ" అన్నాడు. నా మేకలకే తాడు లేదు, అని. తిట్టినట్టు లేదు. నిజంగానే సందేహం వచ్చినట్టు ఉంది. పిల్ల చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టి, మేకలను తోలుకుంటూ మాకన్నా ముందు కొండెక్కి మాయమయ్యాడు. ఖర్జూరాలు కడగలేదని నాకు గుర్తొచ్చేసరికి పిల్ల గింజలు ఉమ్మేసింది.

నడక మొదలైంది. మొదటి అరగంటలో మా అమ్మాయి నూటయాభై అడుగులు వేసి ఉంటుంది. మిగతాదంతా నేను మోశాను. రాళ్లు అంటే ఏమిటో ఆ కాళ్లకు తెలియదు. ప్రతి రాయి ముందూ ఆగి చేతులెత్తేది. నా చేతులు వెంటనే దిగేవి. వీపు మీద నీళ్లు, చంక మీద పిల్ల, నడుముకు తాడు, బ్యాగులో మూడు రకాల సిరప్పులు, థర్మామీటరు, తేలు కుడితే కట్టడానికి గుడ్డ. ఆ గుడ్డ కట్టకూడదని సేఫ్టీ భాయ్ చెప్పాడు. అయినా తెచ్చాను.

ఒకచోట మా అమ్మాయి నా చంక దిగుతానని కాళ్లు తన్నుకుంది. చూస్తే, కాస్త పైన ఒక బండ మీద మూడు రంగుల పట్టీలు.

"జేజి!" అంది.

దింపాను. నాలుగు రాళ్లు ఎక్కింది. ఆగి, రెండు చేతులూ జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని మొక్కింది. తర్వాత తలెత్తి చూసి, "ఇంకో జేజి!" అంటూ మళ్లీ ఎక్కింది. తాడు బిగిసి నేనూ వెనకాలే వంగుకుంటూ పరుగు. నాలుగేళ్లుగా నేను కొన్న విద్యాబోధన బొమ్మలు, చూపించిన డాక్టర్లు, చదివిన పేరెంటింగ్ బ్లాగులు చేయలేని పనిని మూడు డబ్బాల పెయింట్ చేసింది. మా ఆయన వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు. ఆ చూపు మాట కన్నా ఘోరం.

కొండ దాటి అవతలికి దిగేచోట దారి ఇరుకైంది. ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. లోతు ఎంత అని తర్వాత మేం చాలాసార్లు వాదించుకున్నాం. మా ఆయన లెక్కలో ఒకటిన్నర నిలువులు, కింద గులకరాళ్లు. నా లెక్కలో అడుగు లేదు. దారి వెడల్పు మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం: ఒక గాడిద. పొడవు పది పన్నెండు అడుగులు. మధ్యలో గోడ మీద ఒక మూడు రంగుల గుర్తు, అవతలి కొసన ఇంకొకటి.

అందరూ దాటారు. బ్యాచిలర్లు ఫోన్‌లో మాట్లాడుకుంటూ దాటారు. మా ఆయన దాటి అవతల నిలబడ్డాడు. ఇవతల నేను, పిల్ల, అందరికన్నా వెనక సేఫ్టీ భాయ్. ఎత్తుకుని దాటుదామని పిల్లను చంకనేసుకున్నాను. గోడ పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగిలింది. అడుగు ముందుకు పడలేదు.

"సెల్లెమ్మా, పాపను దించు. ఆ తాడు ఇప్పేయ్" అన్నాడు సేఫ్టీ భాయ్.

నేను తప్పుగా విన్నాననుకున్నాను. ప్రమాదాల జాబితా రాసిన మనిషి, భూమ్మీద నాకున్న ఒకే ఒక్క మిత్రుడు!

"ఇక్కడా?"

"ఈడనే. ఆ తాడు కొసన ఏముండాది?"

"నేనున్నాను."

"నువ్వు గట్టిగా ఉండావా?"

నేను గోడను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"సైట్‌లో లైఫ్‌లైన్ తాడును ఇంకో మనిషి నడుముకు కట్టినోణ్ణి నేను గేటు బయటికి పంపిస్తా. కదలని దానికి కట్టాల తాడు. స్తంభానికో, దూలానికో. నువ్వు ఆకు మాదిరి వణుకుతాండావ్. పాప జారితే నువ్వు ఆపేది ఉత్తిమాట. నువ్వు జారినావనుకో, పాప నీ ఎంట వస్తాది. ఇది పాపకు తాడు కాదు సెల్లెమ్మా. నీకు."

ఆయన గొంతులో కోపం లేదు. కూలీలకు చెప్పినట్టే చెప్పాడు. నాలుగేళ్లుగా పిల్ల పడిపోతుందని నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. ఎంత ఎత్తు నుంచి, ఏ వైపు, ఎన్ని కుట్లు. పడేది నేను అయ్యుండొచ్చని ఒక్క లెక్కలోనూ రాలేదు. ముడి నేనే వేశాను, అందుకే ఊడలేదు. చివరికి ఆయన చాకు తీసిచ్చాడు. షావుకారు మూడు మీటర్లు కోసిన తాడును నేను రెండు ముక్కలు చేశాను.

"జేజి ఏది?" అన్నాను పిల్లతో. చంకలోంచి దించాను.

పిల్ల చూపించింది. నడిచింది. కుడిచేత్తో గోడను రాసుకుంటూ, ఆ చిన్న బూట్లతో, ఒక్కో అడుగూ పెట్టి చూసుకుంటూ. సేఫ్టీ భాయ్ తన భారీ శరీరాన్ని లోతు వైపు పెట్టి, పిల్లను తాకకుండా, చెయ్యి అడుగు దూరంలో ఉంచి పక్కనే కదిలాడు. అవతల మా ఆయన చేతులు చాచాడు.

"సెయ్యి దించు సార్! సేతులు సూస్తే ఆగిపోతాది!" అని కేకేశాడు భాయ్. మా ఆయన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ జేబులు అంతలా పొంగడం నేనెప్పుడూ చూడలేదు. ధైర్యవంతుడి పిడికిళ్లు రెండూ లోపల బిగిసి ఉన్నాయి.

సరిగ్గా దారి మధ్యలో, గుర్తు దగ్గర, పిల్ల ఆగింది. గోడ వదిలేసింది. రెండు చేతులూ జోడించింది. కళ్లు మూసుకుంది. ఆ మొక్కు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ లోపల నేను ఇద్దరు డాక్టర్లకు ఫోన్ చేసి, అంబులెన్సుకు దారి చెప్పి, మా అమ్మకు ఎలా చెప్పాలో కూడా ఆలోచించాను. పిల్ల కళ్లు తెరిచి, గోడ పట్టుకుని, రెండో జేజి దగ్గరకు నడిచి, అక్కడా మొక్కి, "నాన్నా, తప్పుకో" అంది.

ఇక నా వంతు. నేను నిలబడి దాటానని చెప్పడానికి సాక్షులు చాలామంది అడ్డు. కూర్చున్నాను. కూర్చునే జరిగాను. సగం దూరం వచ్చేసరికి వెనక గంటల చప్పుడు. మేకలను పైన మేపుకొచ్చిన ముసలాయన మందతో సహా నా వెనక ఆగి ఉన్నాడు. పన్నెండు మేకలు నా ముగింపు కోసం ఎదురుచూస్తున్నాయి. నా నడుముకు వేలాడుతున్న తాడు ముక్కను ముందున్న మేక రుచి చూస్తోంది.

"అమ్మా! జేజికి మొక్కలే నువ్వు!" అవతలి నుంచి మా అమ్మాయి అరిచింది.

"వచ్చాక మొక్కుతాను తల్లీ."

"ఇప్పుడే! తొవ్వ తప్పుతవ్!"

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, ఫస్ట్ క్లాస్. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో సర్కారువారి పెయింటుకు దండం పెట్టాను. వెనక ముసలాయన "యల్లా, యల్లా" అన్నాడు. పద పద, అని. నన్నో, మేకలనో తెలియలేదు.

అవతలి ఊళ్లో అత్తమ్మ చాప పరిచి పులిహోర విప్పి కూర్చుంది. పిల్ల ఎన్ని జేజిలకు మొక్కిందో లెక్క చెప్పడం మొదలుపెట్టింది. దానికి వచ్చిన అంకెలు అయిపోయాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. కోసిన తాడు అత్తమ్మ కంటపడింది. రెండు ముక్కలూ తీసుకుని ముడేసి, సంచిలో పెట్టుకుంది. వీసా అయిపోయి వెళ్లిపోయేటప్పుడు ఆమె అట్టపెట్టె చుట్టూ ఆ తాడే ఉంది. షావుకారు ఇవ్వని జవాబు పెట్టె ఇచ్చింది. ముప్పై కిలోలు ఆపింది.

నడక అయిన రెండు రోజులకు, ఇక్కడ వారం మొదలయ్యే ఆదివారంనాడు, బడికి నేనే తీసుకెళ్లాను. పద్దెనిమిది మెట్ల ముందు మా అమ్మాయి ఆగింది. చేతులు పైకి లేచాయి. అయిపోయింది, అనుకున్నాను. కొండ కొండే, బడి బడే. ఆయా నా వైపు జాలిగా చూసింది. నా చేతులు సగం దాకా వెళ్లాయి. భాయ్ కేక గుర్తొచ్చి వాటిని వెనక్కి పెట్టుకున్నాను.

పిల్ల తలవంచి మెట్టును చూస్తోంది. పిల్లలు జారకుండా ప్రతి మెట్టు అంచుకూ పసుపుపచ్చ పట్టీ అంటించారు. నాలుగు నెలలుగా ఉన్నదే. పైకి లేచిన రెండు చేతులూ మెల్లగా దగ్గరకొచ్చి జోడయ్యాయి. కళ్లు మూసుకుంది. మొక్కింది. ఎక్కింది. రెండో మెట్టు, మళ్లీ ఆగి, మళ్లీ మొక్కు. మూడో మెట్టు. వెనక ఇరవైమంది పిల్లలు సంచులతో గుంపుకట్టారు. కొందరు పేచీ పెట్టారు. ఇద్దరు మాత్రం ఇదేదో కొత్త నియమమేమో అని చేతులు జోడించారు.

"ఏం చేస్తోంది మేడమ్?" అంది టీచర్ పై మెట్టు నుంచి, గాభరాగా.

"రిస్క్ అసెస్‌మెంట్" అన్నాను.

పద్దెనిమిదో మొక్కు అయ్యాక పిల్ల పైకి చేరింది. వెనక్కి తిరిగి నన్ను చూస్తుందని అక్కడే నిలబడ్డాను. చూడలేదు. బ్యాగులోంచి నీళ్ల సీసా తీసుకుని, ఎవరితోనో ఖర్జూరాల సంగతి చెప్పుకుంటూ తలుపులోంచి లోపలికి పోయింది. కాసేపు అక్కడే నిలబడి బాధపడదామనుకున్నాను. కానీ గేటు ముందు కారు అడ్డంగా పెట్టి వచ్చాను. వెనక హారన్లు మొదలయ్యాయి.